మలక్కా రేవులో ఆరు గంటలు

సింగపూరులో ఐదేళ్ళు ఉండి మలక్కా చూడలేదంటే మా ఆఫీసులో మలేషియా వాళ్ళు నమ్మేవారు కాదు. బస్సెక్కితే నాలుగు గంటల దారి. వాళ్ళు శనివారం పొద్దున వెళ్ళి, అక్కడే భోంచేసి, సాయంత్రానికి తిరిగొచ్చేస్తారు. నాకు మాత్రం ఎప్పుడూ కుదరలేదు. చివరికి ఓడలో వెళ్ళాను, మా అత్తగారితో, అదీ ఒక మాట ఇంట్లో ఎవరికీ చెప్పకుండా దాచుకుని తిరుగుతున్న రోజుల్లో. అందుకని ఊరి సంగతులతోబాటు ఆ సంగతీ ఇందులో వస్తుంది. రెండూ విడదీసి రాయడం నా వల్ల కాలేదు.

నేనొక బ్యాంకులో ప్రోగ్రామర్ని. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖులు తప్పుతాయని లోకమంతా కంగారుపడిన రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి. పాత ప్రోగ్రాములు ఒక్కొక్కటీ తెరిచి ఆ తారీఖుల్ని సరిచెయ్యడమే రెండేళ్ళపాటు మా పని. కొత్త సంవత్సరం వచ్చింది, ఏమీ కాలేదు. బ్యాంకు వాళ్ళు సంతోషించి, ఆ రాత్రి డ్యూటీ చేసిన వాళ్ళందరికీ మలక్కా వెళ్ళొచ్చే ఓడ టిక్కెట్లు తలా రెండు ఇచ్చారు. ఆ తరవాత కొన్ని వారాలకి నాకింకో కాగితం ఇచ్చారు. ఏమీ కాలేదు కాబట్టి మా అవసరం కూడా లేదట. నెలాఖరుతో నా కాంట్రాక్టు ముగుస్తుంది.

మా ఆయన మురళి బందరులో కాలేజీ లెక్చరరు. నా కోసం ఆ ఉద్యోగం వదిలి వచ్చాడు. మా ఎనిమిదేళ్ళ హారికని బడికి పంపడం, వంట, ఇల్లు అన్నీ ఆయనవే. నా ఉద్యోగం మీదే ముగ్గురి వీసాలూ ఉన్నాయి. అది పోతే సామాను సర్దుకోవడానికి కొద్ది వారాల గడువిస్తారు, అంతే. ఈ సంగతి ఆయనకి చెబుదామని రోజూ అనుకున్నాను, రోజూ మానేశాను. ఇంతలో సెరంగూన్‌లో ఉండే నా స్నేహితురాలు ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మనుషులు కావాలంటున్నారని చెబితే, లంచ్ టైములో వెళ్ళి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాను. గురువారం పన్నెండింటిలోపు ఫోను చేస్తే ఫలితం చెప్తామన్నారు. సరిగ్గా ఆ గురువారమే ఓడ మలక్కాలో ఆగే రోజు.

రెండో టిక్కెట్టు హారిక బడి పోతుందని మురళి తీసుకోలేదు. "అమ్మ వచ్చి రెండు నెలలైంది, మనుండే ఈ యీషున్ పేట దాటి ఏం చూసింది? అమ్మని తీసుకెళ్ళు" అన్నాడు.

ఓడ మీద మొదటి సాయంత్రం

మా అత్తగారు ముప్పై ఏళ్ళు బందరు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. కొత్త చోటంటే బెరుకు లేని మనిషి. ఓడ రేవు వదిలిన పావుగంటకే పక్క కుర్చీలో కూర్చున్న ఫిలిప్పీన్స్ నర్సుకి ఎందరు పిల్లలో, ఇంటికి నెలకి ఎంత పంపుతుందో కనుక్కున్నారు. ఇద్దరి ఇంగ్లీషూ వేరు వేరు రకాలు. అయినా ఒకరి మాట ఒకరికి అర్థమైంది.

డెక్కు మీద నిలబడితే చుట్టూ లంగరు వేసిన ఓడలు, ఎన్నో లెక్కపెట్టలేనన్ని. అత్తయ్య రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూశారు. బందరు కూడా ఒకప్పుడు ఇలాంటి రేవేనట. మన కలంకారీ అద్దకాలు ఎక్కడెక్కడికో ఓడల్లో వెళ్ళేవట. ఆవిడకి తెలిసేనాటికి మాత్రం మేట వేసిన ఇసుకా, చేపల పడవలూ మిగిలాయి.

భోజనాల హాల్లో బల్ల నిండా పదార్థాలున్నా ఆవిడ తినగలిగినవి అన్నం, పెరుగు, పళ్ళు మాత్రమే. హ్యాండ్‌బ్యాగులోంచి కందిపొడి పొట్లం తీసి అన్నంలో కలుపుకున్నారు. వడ్డించే అతను వాసన చూసి అదేమిటని అడిగితే అతనికీ ఒక చెంచాడు పెట్టారు. నేను అన్నిటికీ నవ్వుతూనే ఉన్నాను గాని, మనసంతా మర్నాటి ఫోను మీదే ఉంది. నా చేతి ఫోను సింగపూరు దాటితే పనిచెయ్యదు, ఓడలో ఫోనుకి నిమిషానికి బోలెడు డాలర్లు. ఊళ్ళో ఫోను బూతు వెతుక్కోవాలి.

ఎర్ర చౌకు

మలక్కాలో నీళ్ళు లోతు తక్కువ. పెద్ద ఓడ దూరంగా ఆగుతుంది, చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. తొమ్మిదిన్నరకి దింపారు. ఆఖరి పడవ మూడున్నరకని, తప్పితే ఎవరి దారి వాళ్ళు చూసుకోవాలని మైకులో మూడుసార్లు చెప్పారు.

రేవు బయట సైకిల్ రిక్షాలు బారులు తీరి ఉన్నాయి. మన రిక్షాలో మనిషి ముందుండి లాగుతాడు. ఇక్కడ తొక్కే మనిషి పక్కన ఉంటాడు. రిక్షా నిండా ప్లాస్టిక్ పూలు, పైన రంగుల గొడుగు, కింద పెద్దగా పాడే రేడియో. గంటకి ఇంతని బేరం. మాకు దొరికిన రిక్షా ఆయన అరవై దాటిన చైనీస్ పెద్దమనిషి. అత్తయ్య ఆయన పిక్కలు చూసి, ఇంత వయసాయనతో తొక్కించుకోనని మొరాయించారు. ఆయన నవ్వి, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో, "ఆంటీ, యూ డోంట్ సిట్, ఐ డోంట్ ఈట్ లా" అన్నాడు. ఆ మాటతో ఎక్కి కూర్చున్నారు.

పావుగంటలో ఊరి నడిబొడ్డుకి చేరాం. చర్చి, పాత కచేరీ భవనం, గడియారపు స్తంభం, అన్నీ కావిరంగు పూసినట్టు ఎర్రగా ఉన్నాయి. దాదాపు ఐదొందల ఏళ్ళ కింద పోర్చుగీసు వాళ్ళు కోట కట్టుకున్న ఊరిది. వాళ్ళని తరిమి డచ్చివాళ్ళు, వాళ్ళ తరవాత ఇంగ్లీషువాళ్ళు ఏలారు. యూరప్ వెళ్ళకుండా యూరప్ రేవు చూడాలంటే ఇది చాలని మా ఆఫీసులో అనేవారు. గోడల మందం, కిటికీల రెక్కలు, పెంకుల కప్పులు చూస్తే నిజమేననిపించింది. ఆ గోడల కిందే కొబ్బరినీళ్ళు అమ్మేవాళ్ళు, గొడుగులేసుకున్న ఫొటోగ్రాఫర్లు, ఐస్‌క్రీం గంటలు.

అత్తయ్యకి ఇదేదీ వింతగా లేదు. బందరులో ఆవిడ ఇల్లు వలందపాలెంలో. వలందాలంటే డచ్చివాళ్ళే. పక్కన పరాసుపేట, అంటే ఫ్రెంచివాళ్ళది, ఆ పైన ఇంగ్లీషుపాలెం. "ఇలాగే ఒకళ్ళ వెనక ఒకళ్ళు మన ఊరికీ వచ్చారు వీళ్ళు. మన దగ్గర పేర్లు మిగిలాయి, ఇక్కడ గోడలు మిగిలాయి" అన్నారు, చర్చి బెంచీ మీద చెయ్యి పెట్టి.

కొండ మీది రాళ్ళు

చర్చి వెనక చిన్న కొండ. పైన కప్పు లేని ఇంకో పాత చర్చి ఉంది, పోర్చుగీసు వాళ్ళది. గోడల వెంబడి మనిషి కంటె ఎత్తయిన సమాధి రాళ్ళు చేరగిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఓడలూ, పుర్రెలూ, కిరీటాలూ చెక్కారు. ఒక రాయి మీద ఒకే ఇంటిపేరుతో ముగ్గురు, అందులో ఇద్దరు పసివాళ్ళు, ఒకే నెలలో పోయినట్టుంది. ఆ భాష రాకపోయినా పేర్లూ, అంకెలూ తెలుస్తాయి కదా. బందరు కోట దగ్గర డచ్చి సమాధులూ అచ్చం ఇలాగే ఉంటాయని, చిన్నప్పుడు వాటి మీద కూర్చుని రేగుపళ్ళు తినేవాళ్ళమని అత్తయ్య చెప్పారు. అంత దూరం నుంచి ఈ రాళ్ళని ఓడల్లో మోసుకొచ్చినవాళ్ళు మనుషుల్ని బతికించే మందు మాత్రం తెచ్చుకోలేకపోయారన్నారు.

అక్కణ్ణించి సముద్రం, దూరంగా మా ఓడ కనిపించాయి. నేను గడియారం చూశాను. పదకొండూ పావు. ఇంటికి ఫోను చేసి వస్తానని, హారిక ఎలా ఉందో కనుక్కుంటానని చెప్పి కొండ దిగాను. చౌకు పక్కన ఒక చిన్న కొట్లో ఫోను కార్డు కొని, ఎదురుగా ఉన్న బూతులో నిలబడి నంబరు నొక్కాను. మూడుసార్లు ఎంగేజ్ వచ్చింది. కంగారులో అంకెలు తప్పు నొక్కుతున్నాను. వెనక్కి తిరిగితే అత్తయ్య నిలబడి ఉన్నారు.

"ఈ టైముకి హారిక బళ్ళో ఉంటుంది. ఎవరికమ్మా ఫోను?" అన్నారు.

ఇంకో అబద్ధం అందలేదు. ఫౌంటెన్ గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పేశాను. కాంట్రాక్టు, వీసా, ఇంటర్వ్యూ, ఇవాళ్టి ఫోను. ఆవిడ మధ్యలో ఆపలేదు. ఎదురుగా పెళ్ళికూతురి గౌనులో ఒకమ్మాయి ఫొటోలు దిగుతోంది. నేను ఏడుస్తుంటే ఆ ఫొటోగ్రాఫరు మమ్మల్ని కాస్త పక్కకి జరగమని సైగ చేశాడు. జరిగాం.

"ఎన్నాళ్ళయింది కాగితం ఇచ్చి?"

"పదిహేడు రోజులు."

"నాకూ ఒకసారి గుడివాడ బదిలీ ఆర్డరొచ్చింది. మీ మామగారికి ఇరవై రోజులు చెప్పలేదు. చిన్నపిల్లాణ్ణి పెట్టుకుని ఉద్యోగం మానెయ్యమంటారని భయం. చివరికి చెబితే ఆయనేమన్నారో తెలుసా? రోజూ వెళ్ళిరావడానికి రైలు పాసు నెలకెంత అని అడిగారు. అంతే." మళ్ళీ ఆవిడే అన్నారు, "మురళికి నేను చెప్పను. ముప్పై ఏళ్ళు ఊరందరి మాటలూ చెవిన పడ్డాయి, ఎవరిదీ ఎవరికీ చెప్పలేదు. నువ్వే చెప్పాలి. ఆ ఫోన్లో ఏమొచ్చినా సరే, చెప్పాలి."

చెప్తానన్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజు నాకు ఊపిరి సరిగ్గా ఆడింది ఆ గట్టు మీదే. ఫోను ఇంకా కలవనేలేదు.

తరవాత ఆవిడ బూతు దగ్గరికొచ్చి కార్డు చేతిలోకి తీసుకున్నారు. ఎంగేజ్ రాగానే మళ్ళీ నొక్కకూడదట, పది లెక్కపెట్టి అప్పుడు నొక్కాలట. రెండోసారికే కలిసింది. అవతల అమ్మాయి, మేనేజరు మీటింగులో ఉంది, రెండున్నర తరవాత చెయ్యమంది.

లెచ్చుమి ఆంటీ ఇల్లు

ఇదంతా ఫోను కార్డు అమ్మిన కొట్టావిడ చూస్తూనే ఉంది. డెబ్బై దగ్గర పడిన మనిషి. ఒంటి మీద సరాంగ్ అనే మలాయ్ లుంగీ, పూల జాకెట్టు, నుదుట కుంకుమ బొట్టు. అత్తయ్య ఆ బొట్టు చూసి తెలుగులో మొదలుపెట్టి, తమిళంలోకి దిగి, చివరికి ఇంగ్లీషుకి వచ్చారు. ఆవిడకి వచ్చినవి మలాయ్, ఇంగ్లీషు, అంతే. పేరు లెచ్చుమి. వందల ఏళ్ళ కింద మన తీరం నుంచి బట్టల వ్యాపారానికి వచ్చి, ఇక్కడి ఆడవాళ్ళని చేసుకుని స్థిరపడినవాళ్ళ సంతతి. చిట్టీలంటారు. దేవుళ్ళు మనవే, భాష మాత్రం మలాయ్.

శాకాహారం ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఈ ఊళ్ళో కూరగాయల కూరలో కూడా ఎండు రొయ్యల ముద్ద వేస్తారట. మా మొహాలు చూసి, కొట్టు కోడలికి అప్పగించి, తన ఇంటికి రమ్మంది. మేం మొహమాటపడ్డాం. "మకాన్ డోంట్ షై" అంది. మకాన్ అంటే భోజనం.

రిక్షా ఆయనే తీసుకెళ్ళాడు. గుమ్మానికి ఎండిన మావిడాకుల తోరణం. చెప్పులు బయట విడిచాం. లోపల దేవుడి అర, దాని పక్కన పోయిన పెద్దల ఫొటోలు. ఏడాదికి రెండుసార్లు వాళ్ళకి అరిటాకుల్లో ఇష్టమైనవన్నీ వండి పెడతారట. అత్తయ్య ఆ ఫొటోల ముందు చాలాసేపు నిలబడ్డారు. మనం పెద్దలకి పెట్టుకునేదీ ఇదే కదా. ఇక్కడ పక్కన కాఫీ, సిగరెట్టు కూడా పెడతారట, తాతగారికి ఇష్టమని. అది మాత్రం ఆవిడకి కాస్త ఎక్కువనిపించింది.

కొబ్బరిపాలతో వండిన అన్నం, చింతపండు పులుసులో వంకాయలు, దోసకాయా అనాసా కలిపిన పచ్చడి పెట్టింది. రొయ్యలు లేకుండా మిరపకాయలు అప్పటికప్పుడు దంచింది. పెరుగు లేదు. ఆ ఇంట్లో పెరుగు తినే అలవాటే లేదంటే అత్తయ్య నమ్మలేకపోయారు. బదులుగా కందిపొడి పొట్లం విప్పారు. లెచ్చుమి ఆంటీ ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, "సెడాప్" అంది. రుచిగా ఉందనట. పొట్లం ఆవిడకే ఇచ్చేశారు అత్తయ్య. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

నేను భోజనమంతా గోడ గడియారం చూస్తూనే చేశాను. రెండున్నరయింది. మేం బయల్దేరబోతుంటే వాన మొదలైంది. లెచ్చుమి ఆంటీ వీధి చివర బూతు చూపించి, తన గొడుగు కూడా ఇచ్చి పంపింది.

ఆఖరి పడవ

ఫోను ఈసారీ ఎంగేజే. పది లెక్కపెట్టడం, నొక్కడం. మూడు గంటలైంది. మూడూ ఐదు. బూతు బయట రిక్షా ఆయన సీటు మీద ప్లాస్టిక్ షీటు కప్పి నిలబడి, మాటిమాటికీ చేతి గడియారం మీద వేలితో కొట్టి చూపిస్తున్నాడు. అత్తయ్యని ముందు రేవుకి పంపేద్దామనుకున్నాను. ఆవిడ కదల్లేదు.

మూడూ పదికి కలిసింది. నా పేరు చెప్పగానే అవతలి మేనేజరు ఆశ్చర్యంగా, "లెటర్ రాలేదా? నిన్ననే పోస్టు చేశాం. వచ్చే నెల నుంచి చేరాలి" అంది. థాంక్స్ చెప్పానో లేదో గుర్తులేదు. ఫోను పెట్టేసి అత్తయ్య వైపు చూసి తలూపాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నడు, పడవ పోతుంది" అన్నారు.

ఆ వానలో ఆ పెద్దాయన తొక్కిన తొక్కుడు నేను జన్మలో మరిచిపోను. రేడియో ఆపేశాడు. ఎదురుగాలికి ప్లాస్టిక్ షీటు ఎగిరి మా మొహాల మీద కొడుతోంది. మాట్లాడకుండా తొక్కాడు. రేవు చేరేసరికి పడవ తాడు విప్పేశారు, ఇంజను మోగుతోంది. నేను చేతిలో ఉన్న నోట్లన్నీ ఆయన గుప్పిట్లో పెట్టి పరిగెత్తాను. ఆయన అత్తయ్య భుజం పట్టి మెట్ల దాకా దింపాడు. పడవలో నావికుడు మమ్మల్ని చూసి మళ్ళీ తాడు అందుకున్నాడు. నేను దూకాను. అత్తయ్య కాలు పెట్టేటప్పుడు పడవ ఊగి, ఎడమకాలి చెప్పు జారి నీళ్ళలో పడింది. అలల మీద కాసేపు తేలి మునిగిపోయింది.

పడవలో అందరూ తడిసిన మమ్మల్నే చూస్తున్నారు. అత్తయ్య నవ్వడం మొదలుపెట్టారు. ముందు చిన్నగా, తరవాత ఆపుకోలేక. ఆవిడ్ని చూసి నేనూ. లెచ్చుమి ఆంటీ గొడుగు ఇంకా మా దగ్గరే ఉందని ఓడ ఎక్కాక చూసుకున్నాం.

కేబిన్‌లో బట్టలు మార్చుకున్నాక నాకు హఠాత్తుగా వెలిగింది. ఉత్తరం నిన్న పోస్టయితే ఇవాళ యీషున్‌లో ఇంటికి చేరి ఉంటుంది. మురళి విప్పి చదివితే, నేను చెప్పాల్సింది ఎవరో అచ్చు కొట్టిన కాగితం చెబుతుంది. ఓడలో ఫోను ఉంది, ఎంతయినా సరే చేస్తానని లేచాను.

"వద్దు. ఫోన్లో చెప్పే మాట కాదిది. ఎదురుగా కూర్చుని చెప్పు" అన్నారు, జీవితమంతా ఫోన్లు కలిపిన మనిషి.

ఆ సాయంత్రం డెక్కు మీద ఇద్దరం టీ తాగాం. ఆవిడ నాకు మొదటిసారి ఎక్స్‌ఛేంజి సంగతులు చెప్పారు. తుపాను రాత్రి తొమ్మిది గంటలు సీటు లేవకుండా లైన్లు కలిపిన కథ కూడా చెప్పారు. పెళ్ళై పదేళ్ళయింది, నేనెప్పుడూ అడగలేదు. ఆ రాత్రి చాలా రోజుల తరవాత పడుకోగానే నిద్రపట్టింది.

మళ్ళీ యీషున్

శుక్రవారం సాయంత్రం రేవులో మురళి, హారిక ఎదురొచ్చారు. హారిక ముందు నానమ్మ కాళ్ళు చూసింది. "నానమ్మా, వై యూ వేరింగ్ హోటల్ స్లిప్పర్ లా?" అంది. ఓడ వాళ్ళిచ్చిన తెల్లగుడ్డ చెప్పులు. నానమ్మ ఆ కథ మొదలుపెట్టి, హారిక చెయ్యి పట్టుకుని ముందుకి నడిచారు. కావాలనే అని నాకు తెలుసు.

నా సంచీ అందుకుంటూ మురళి, నా పేరు మీద ఏదో కంపెనీ ఉత్తరం వచ్చిందని, టీవీ పక్కన పెట్టానని చెప్పాడు. విప్పలేదట. నాకొచ్చిన ఉత్తరం తనెందుకు విప్పుతాడు?

రైల్లో నానమ్మా, మనవరాలూ అటు చివర కూర్చున్నారు. మేమిద్దరం ఇటు. బిషాన్ స్టేషను దాటేలోపు మొత్తం చెప్పేశాను. కొత్త ఉద్యోగం సంగతి చివరికి అట్టే పెట్టాను. ముందు పోయిన దాని గురించి చెప్పాలి, ఆ పదిహేడు రోజుల గురించి చెప్పాలి. ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ విన్నాడు. తరవాతి స్టేషను ఆంగ్ మో కియోలో జనం దిగారు, ఎక్కారు. కోపమొచ్చిందేమో అనుకున్నాను.

రైలు కదిలాక ఇటు తిరిగాడు.

"నువ్వు సగం అన్నం వదిలేస్తున్నావు రోజూ. నా వంట బాగుండటం లేదనుకున్నాను. హారిక స్నేహితురాలి వాళ్ళమ్మని అడిగి రెండు కూరలు కొత్తగా నేర్చుకున్నాను కూడా" అన్నాడు.

ఆయన భుజానికి తల ఆనించాను. ఫోను కలవకపోయి ఉంటే ఏం చేసేదానివని అడిగాడు. అప్పుడూ ఈ రైల్లోనే, ఇలాగే చెప్పేదాన్నన్నాను. నమ్మాడు. అది నిజం కూడా.

యీషున్‌లో దిగి ఇంటికి నడిచాం. ఉత్తరం ఆయనే తెచ్చి ఇచ్చాడు. చింపి, ఇద్దరం చదివాం, జీతం దగ్గర ఒకసారి, చేరే తారీఖు దగ్గర రెండుసార్లు. తరవాత ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళాడు. ఇవాళ నేను చేస్తానని వెనకాలే వెళ్ళాను. వద్దని నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి, కొత్తగా నేర్చుకున్న కూరల్లో ఏది కావాలో చెప్పమన్నాడు. రెండూ చెయ్యమన్నాను.